దొరబాబు పథ్యం

ఆ ఉదయం తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగారు పెట్టుకున్న పనులు నాలుగే. ఏడింటికి కుక్కకు తిండి తూచి పెట్టడం, ఎనిమిదింటికి తాను స్నానం చేయడం, తొమ్మిదిన్నరకు తూకపు రాళ్ల పెట్టె చంకన పెట్టుకుని ఆఫీసుకు బయలుదేరడం, పదకొండింటికి ఆ పెట్టెను పై అధికారి ముందు తెరిచి శభాష్ అనిపించుకోవడం. మొదటి రెండూ రోజూ ఉండేవే. నాలుగోది ఏడాదికి ఒక్కసారి వస్తుంది. దుకాణాల్లో రాళ్లన్నీ ఈయన తనిఖీ చేస్తే, ఈయన రాళ్లను పై అధికారి తనిఖీ చేస్తాడు.

పెట్టెలో పన్నెండు రాళ్లుండాలి. ఇత్తడివే అయినా వాటిని అందరూ రాళ్లనే అంటారు. అర కిలోది మొదలు ఒక్క గ్రాముది దాకా, నెత్తిన చిన్న గుబ్బతో, ఒక్కొక్కటీ దాని గుంటలో అది కూర్చుని ఉంటుంది. ఒక్కటి తగ్గినా సంజాయిషీ, విచారణ, ఉద్యోగానికే ఎసరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టరుగారికి ఆ భయం ఎప్పుడూ కలగలేదు. తప్పులనేవి ఎదుటివాళ్ల దగ్గర కనిపెట్టడానికే పుట్టాయని ఆయన గట్టి నమ్మకం.

ఇక కుక్క సంగతి. దాని పేరు దొరబాబు. ఆరేళ్ల గోధుమరంగు కుక్క. తినడం, తిన్నది మరిచిపోవడం, మళ్లీ తినడం అతని దినచర్య. నెల కిందట ఎడమ వెనక కాలు ఎత్తి నడుస్తుంటే పశువుల డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ త్రాసు ఎక్కించి, ముప్పై నాలుగు కిలోలున్నాడు, నాలుగు తగ్గకపోతే మోకాలు పోతుందని చెప్పింది. పూటకు నూట ఎనభై గ్రాముల ఉడికించిన కోడిమాంసం, క్యారెట్ ముద్ద, రోజుకు రెండు పూటలు, మరేమీ వద్దంది. మరొకరైతే గిన్నెతో కొలిచి పెట్టేవారు. ఇన్‌స్పెక్టరుగారికి గిన్నెల మీద నమ్మకం లేదు. వంటింట్లో ఉన్న ప్లాస్టిక్ త్రాసును చూస్తేనే ఆయనకు ఒళ్లు మండుతుంది. అందుకని ఆఫీసు పెట్టెను, దానితోపాటు చిన్న పళ్లేల త్రాసును ఇంటికి తెచ్చాడు. ఆ రాళ్లను సొంత పనులకు వాడకూడదు. ఆ సంగతి గుర్తుచేస్తూ కిందివాళ్లకు రెండు సర్క్యులర్లు పంపింది కూడా ఆయనే.

ఫ్రిజ్ తలుపు మీద పథ్యం పట్టిక అంటించాడు. భార్య చేత, కూతురి చేత, అత్తగారి చేత దాని కింద సంతకాలు పెట్టించాడు. తన వంతుగా రోజూ సాయంత్రం దొరబాబును మూల మీది బేకరీ దాకా నడిపించి తీసుకొచ్చే బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. పనిలో పనిగా ఆ బేకరీ త్రాసు కూడా చూసినట్టుంటుందని ఆయన వాదన. ఆ చుట్టుపక్కల ఇంతవరకూ ఒక్క తప్పు కూడా దొరకని త్రాసు అదొక్కటే.

నెల తిరిగింది. ముందురోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరుగారు ఛాతీ విరుచుకుని దొరబాబును డాక్టరమ్మ త్రాసు ఎక్కించాడు. ముప్పై ఆరు చూపించింది.

"రెండు పెరిగాడు సార్," అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరైనా చాటుగా పెడుతున్నారేమో కనుక్కోండి."

"మా ఇంట్లోనా?" అని ఆయన ఒంటికాలి మీద లేచాడు. "గ్రాము తేడా లేకుండా నేను తూచి పెడుతున్నానమ్మా! సంతకాలున్నాయి! మీ త్రాసు సంగతి చూసుకోండి ముందు."

చూసుకునే శ్రమ ఆవిడకివ్వకుండా తానే వంగి చూశాడు. త్రాసు మీది ప్రభుత్వ ముద్ర గడువు తీరి తొమ్మిది రోజులైంది. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు సంచిలోంచి తీగ, సీసం బిళ్ల తీసి త్రాసుకు సీలు వేశాడు. 'ఈ త్రాసు చూపిన తూకాలు చెల్లవు' అని కాగితం రాసి అంటించాడు. వరండాలో తమ వంతు కోసం కూర్చున్న ఏడు కుక్కలు, రెండు పిల్లులు, వాటి తాలూకు మనుషులు ఆ చట్టబద్ధ పాలనను కళ్లారా చూశారు.

"మందులన్నీ బరువును బట్టే ఇవ్వాలి సార్. ఇది లేకపోతే నేనేం చేయాలి?" అంది డాక్టరమ్మ.

"దరఖాస్తు చేసుకోండి. మూడు కాపీలు. ఏడు పనిదినాల్లో వచ్చి చూస్తాం. ఈలోగా సీలు మీద చెయ్యి పడితే మాత్రం కేసే," అని చెప్పి, దొరబాబును తీసుకుని విజయగర్వంతో ఇంటికి వచ్చాడు.

కాబట్టి ఆ ఉదయం ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. వంటగట్టు మీద త్రాసు పెట్టి ఒక పళ్లెంలో నూరు, యాభై, ఇరవై, పది రాళ్లు వేశాడు. రెండో పళ్లెంలో ముద్ద వేస్తుండగా ఫోను మోగింది. ఆఫీసు గుమాస్తా.

"సార్, పెద్దసారు ముందే వస్తున్నారంట. పదిన్నరకల్లా పెట్టె తయారుగా ఉండాలన్నారు."

"నా పెట్టె ఎప్పుడూ తయారే," అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, జిడ్డు చేతులతో ముద్దను దొరబాబు గిన్నెలోకి జార్చి, అవే జిడ్డు చేతులతో రాళ్లు ఎత్తి పక్కన పెట్టాడు. దొరబాబు ఎప్పటిలాగే పదకొండు సెకన్లలో గిన్నె నాకేశాడు. నమలడం అనే పని అతను పుట్టాక ఎప్పుడూ పెట్టుకోలేదు.

ఎనిమిదిన్నరకు స్నానం ముగించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాళ్లను తుడిచి పెట్టెలో సర్దబోతే పదకొండే ఉన్నాయి. ఇరవై గ్రాములవి రెండుండాలి. ఒకటి దాని గుంటలో ఉంది. రెండో గుంట ఖాళీగా ఆయన మొహంలోకి చూస్తోంది.

ఇన్‌స్పెక్టరుగారు వెతకడం మొదలుపెట్టాడు. గట్టు కింద చూశాడు, గట్టు మీద చూశాడు, చెత్తబుట్ట బోర్లించాడు, బండ చప్టా మీద బోర్లా పడుకుని ఫ్రిజ్ కింద టార్చి వేశాడు. ఇస్త్రీ చొక్కా ఆ పనికి బాగా ఉపయోగపడింది. రాయి దొరకలేదు. లేచి నిలబడ్డాక ఆయన బుర్ర చురుగ్గా పనిచేసింది. వస్తువు దానంతటది పోదు, ఎవరో తీసి ఉండాలి. తీస్తే లాభం ఎవరికి? తూకం ఆగిపోతే బాగుండునని ఎవరనుకుంటున్నారు? పథ్యం మొదలైన రోజు నుంచి 'నోరులేని జీవిని మాడుస్తున్నారు' అని గోడలకు చెప్పుకుంటున్నది ఎవరు?

"అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి," అని పిలిచాడు.

అత్తగారు కట్టుడు పళ్లు సర్దుకుంటూ వచ్చింది. వెనకే భార్య, కూతురూ వచ్చారు.

"ఇరవై గ్రాముల రాయి కనబడడం లేదు. మీరేమైనా తీసి దాచారా? ఇప్పుడిచ్చేస్తే ఎవరికీ చెప్పను."

"నేను దాచానా? కుక్క రాయితో నాకేం పని అల్లుడుగారూ?"

"అది కుక్క రాయి కాదు, ప్రభుత్వ రాయి! ఇంకో రెండు గంటల్లో అది పెట్టెలో లేకపోతే నా ఉద్యోగం ఉండదు."

"చూశావుటే అమ్మాయీ, నన్ను దొంగని చేస్తున్నాడు నీ మొగుడు!" అని అత్తగారు కళ్లొత్తుకుంది. "ఈ ఇంట్లో ఇంక క్షణం ఉండను. మీ అన్నయ్య దగ్గరికి పోతాను. నా సూట్‌కేసు తీయించు."

"ఏవండీ, మతి ఉండే మాట్లాడుతున్నారా?" అని భార్య ఎదురు తిరిగింది.

"సూట్‌కేసు తీయండి. కానీ వెళ్లేముందు నేను చూడాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన ఇప్పుడు అల్లుడు కాదు, అధికారి.

అత్తగారు రోషంగా సూట్‌కేసు మంచం మీద పడేసి మూత తెరిచింది. రోషంలో మరిచిపోయిన విషయం ఏమిటంటే, శాలువా మడతలో రస్కుల పొట్లం ఉంది. అది కిందపడి నాలుగు రస్కులు బయటికి దొర్లాయి.

"ఇవేంటి?"

"నాకే. పొద్దున్నే కాఫీలోకి."

"మీ పళ్లకి రస్కులా?"

అత్తగారు, "పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. అంతే. వాడలా చూస్తుంటే నా నోట్లో ముద్ద ఎలా దిగుతుంది?" అంది.

రాయి కోసం వెతుకులాట దారి మళ్లింది. కూతురి కాలేజీ సంచిలో పుస్తకాల కన్నా బిస్కెట్లు ఎక్కువున్నాయి. "ఒక్కటే నాన్నా, గుడ్ మార్నింగ్ చెప్పినందుకు," అంది ఆ పిల్ల. భార్య కుట్టుమిషను మీదున్న గుండీల డబ్బా తెరిస్తే గుండీల కింద చీజ్ ముక్కలు కాగితాలతో సహా వరుసగా పేర్చి ఉన్నాయి. మిగిలినవాళ్లెవరూ పెట్టడం లేదు కదా, పాపం, తనొక్కతైనా పెట్టకపోతే ఎలా అని ముగ్గురిలో ప్రతి ఒక్కరూ విడివిడిగా అనుకున్నారట. ముగ్గురూ ఆ పొద్దున కూడా పెట్టేశారు.

ఇన్‌స్పెక్టరుగారు డబ్బా మూత ఠపీమని మూశాడు. రాయి దొరకలేదు గానీ, రెండు కిలోలు ఎక్కడివో దొరికాయి.

"సంతకాలు పెట్టి ఈ పనా?" అన్నాడు. "నమ్మాను మిమ్మల్ని! ఆ డాక్టరమ్మ ముందు మీకోసం నేనెంత గట్టిగా మాట్లాడానో తెలుసా? ఈ ఇంట్లో మాట మీద నిలబడే మనిషిని నేనొక్కణ్నేనా?"

ఆ ఉపన్యాసం ఇంకా చాలాసేపు సాగేదే. కానీ అత్తగారు కిందపడిన రస్కులు ఏరుతూ, అలవాటుగా ఒకటి బల్ల కిందికి చాపింది. రస్కు అలాగే ఉండిపోయింది.

"అమ్మాయీ, వీడు తినడం లేదే," అంది అత్తగారు.

అందరూ వంగి చూశారు. దొరబాబు బల్ల కింద పడుకుని, చొంగ కారుస్తూ, రస్కు వంక నీరసంగా చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆరేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఒకసారి సబ్బు పెడితే కూడా తిన్నాడు.

"నాన్నా," అంది కూతురు నెమ్మదిగా. "పొద్దున వాడు తింటుంటే గిన్నెలో టంగుమని చప్పుడయింది. నువ్వు చెంచా పడేశావనుకున్నాను."

ఇన్‌స్పెక్టరుగారు గట్టు వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ చేతులతోనే దొరబాబును ఎత్తుకుని మెట్లు దిగాడు, ముగ్గురూ వెనకే పరుగెత్తారు. ఐదో మెట్టు దగ్గర, డాక్టరమ్మ త్రాసులో ఏ లోపమూ లేదని ఆయన నడుము తేల్చి చెప్పింది.

డాక్టరమ్మ మొహం గంటు పెట్టుకునే ఉన్నా, కుక్కను చూడగానే ఎక్స్‌రే తీసింది. ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. దొరబాబు పొట్ట మధ్యలో తెల్లగా, నెత్తిన గుబ్బతో సహా, ఇరవై గ్రాములు నిటారుగా కూర్చుని ఉన్నాయి.

"ఇదేంటి సార్?"

"ప్రభుత్వ ఆస్తి," అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు.

"ఇంకా పొట్టలోనే ఉంది, అదృష్టం. పేగుల్లోకి దిగితే కోయాలి, వీడి ఒళ్లు దానికి తట్టుకోకపోవచ్చు. ఇప్పుడే వాంతికి ఇంజెక్షన్ ఇస్తే వచ్చేస్తుంది. తక్కువిస్తే పనిచేయదు, ఎక్కువిస్తే ప్రమాదం. బరువెంత?"

"నిన్న ముప్పై ఆరు కదమ్మా?"

"ఆ తూకం చెల్లదని కాగితం రాసిచ్చారు కదా సార్? చెల్లని లెక్కతో మందెలా ఇవ్వమంటారు?"

"అయితే ఇప్పుడొకసారి తూద్దాం."

"సీలుంది. చెయ్యి పడితే కేసన్నారు. నేను దరఖాస్తు రాసుకున్నాను, మూడు కాపీలూ తయారుగా ఉన్నాయి. ఏడు పనిదినాల్లో మీరు వస్తే..."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. కుక్క అయితే కాదు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది.

"సార్, పెద్దసారు వచ్చేశారు. మీ కుర్చీలోనే కూర్చున్నారు. పెట్టెతో వెంటనే రమ్మంటున్నారు. ఏం చెప్పమంటారు?" అన్నాడు గుమాస్తా.

బల్ల మీద పడుకున్న దొరబాబు కష్టంగా తల ఎత్తి, తనకీ గతి పట్టించిన చేతిని ఓసారి నాకి, మళ్లీ తల వాల్చేశాడు. ఇన్‌స్పెక్టరుగారికి ఏడుపొచ్చింది. ఆరేళ్ల కిందట వానలో తడిసి ఆయన బూటులోనే పడుకున్న పిల్ల అది. ఉద్యోగం పోతే ఏదో ఒక పని దొరుకుతుంది. ఈ వెధవ పోతే ఇంటికి ఎలా వెళ్లడం?

"రావడం కుదరదని చెప్పు. మా ఇంట్లో మనిషికి బాగోలేదు," అని ఫోను పెట్టేశాడు.

తరవాత, ఇరవై రెండేళ్లుగా ఎంతమంది మీదో కేసులు పెట్టిన నేరానికి తానే ఒడిగట్టాడు. సీలు పట్టుకుని లాగాడు. తెగలేదు. ఆయన పనితనం అలాంటిది. మెలితిప్పాడు, పళ్లతో కొరికాడు, పన్ను కదిలింది గానీ తీగ కదల్లేదు. చివరికి డాక్టరమ్మ జాలిపడి కత్తెర అందించింది. త్రాసు మీద దొరబాబును పడుకోబెట్టారు. ముప్పై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు.

"ఇందులో ఇరవై గ్రాములు తీసేయాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు అలవాటు కొద్దీ.

డాక్టరమ్మ ఆయన వంక ఒక్క చూపు చూసి సూది గుచ్చింది. అయిదు నిమిషాలకు దొరబాబు లేచి నిలబడ్డాడు, వీపు విల్లులా వంచాడు, తన దగ్గరున్నదంతా తెల్లటి ట్రేలో సమర్పించాడు. ముందు ముద్ద వచ్చింది. తరవాత రస్కు, బిస్కెట్, చీజ్ ముక్క కాగితంతో సహా. అత్తగారు, కూతురు, భార్య ఎవరి సరుకు వాళ్లు గుర్తుపట్టి తలలు దించుకున్నారు. ఆఖరున టంగుమంది.

"వచ్చేసిందమ్మా, వచ్చేసింది!" అని అత్తగారు దొరబాబును, తొందరలో అల్లుణ్ని కూడా కావలించుకుంది.

ఇన్‌స్పెక్టరుగారు తేరుకుని గొంతు సవరించుకున్నాడు. "చూశారా మీ నిర్వాకం? రస్కులు, బిస్కెట్లు, చీజ్! అన్నీ బయటపడ్డాయి. ఇప్పటికైనా..."

"ఆగండి, ఇంకోటుంది," అంది డాక్టరమ్మ. పట్టకారుతో ట్రేలోంచి ఒక కాగితం ఎత్తి, నీళ్లతో కడిగి, విప్పి చూపించింది. అంచుల్లో కుచ్చులు కుచ్చులుగా ఉన్న గులాబీరంగు కాగితం. కప్ కేకుల కింద ఉండేది. దాని మధ్యలో మూల మీది బేకరీ గుర్తు చెక్కు చెదరకుండా ఉంది.

భార్య ఆ కాగితాన్ని చూసి, మొగుణ్ని చూసింది.

"సాయంత్రం వీణ్ని ఆ బేకరీకి తీసుకెళ్లేదెవరండీ?"

"అది... అక్కడ త్రాసు తనిఖీకి..."

"రోజూనా?"

"వాడు గాజు అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే ఆ బేకరీ ఆయనే జాలిపడి... ఒక్కటే పెడతాడు. మీరెవరూ పెట్టడం లేదు కదా, పాపం అని..."

"మాట మీద నిలబడే మనిషి ఒక్కరే అన్నారుగా అల్లుడుగారూ," అంది అత్తగారు చల్లగా. "సూట్‌కేసు తీయమంటారా, ఉంచమంటారా?"

"ఉంచండి అత్తయ్యగారూ. తప్పు నాదే," అన్నాడాయన. ఇరవై రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు కాబట్టి సరిగ్గా పలకలేకపోయాడు. డాక్టరమ్మకు కూడా అదే మాట చెప్పి, త్రాసు మీద తాను అంటించిన కాగితం తానే చింపేశాడు. ఆవిడ రాయిని వేడినీళ్లలో కడిగి, దూదిలో చుట్టి ఇచ్చింది. దొరబాబుకు ఆ రోజంతా నీళ్లు తప్ప ఏమీ పెట్టవద్దని చెప్పి, ఈసారి నలుగురి చేతా విడివిడిగా ఒట్టు వేయించుకుంది.

పదకొండూ ఇరవైకి ఇన్‌స్పెక్టరుగారు మట్టి చొక్కాతో, కదిలే పన్నుతో, చంకన పెట్టెతో ఆఫీసులో అడుగు పెట్టాడు. ఆయన కుర్చీలో కూర్చున్న పై అధికారి గడియారం చూపించి, పెట్టె తెరవమన్నాడు. మూత తెరవగానే ఆ మనిషి కళ్లు చిన్నవయ్యాయి. పదకొండు రాళ్లు ఏళ్ల తరబడి జిడ్డు పట్టి, నల్లబడి, మొద్దుగా ఉన్నాయి. పన్నెండోది మాత్రం అద్దంలా ధగధగలాడుతోంది. రెండు గంటల పైగా దొరబాబు జీర్ణశక్తి దాని మీద నిర్విరామంగా పనిచేసింది మరి.

పై అధికారి ఇరవై గ్రాముల కవలలు రెండింటినీ చెరో చేత పట్టుకుని మార్చి మార్చి చూశాడు. మెరిసేదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. దాన్ని సున్నితపు త్రాసులో పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది కదయ్యా రాయంటే!" అన్నాడు పై అధికారి. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన రాయి చూడలేదు. దేంతో తోమించావు?"

"ఇంట్లో... ఒక పద్ధతి ఉంది సార్."

"మరి ఒక్కదాంతో ఎందుకు ఆపావు? బద్ధకం కాకపోతే? ఆలస్యంగా వచ్చినందుకు సంజాయిషీ అడిగేవాణ్ని, దీన్ని చూసి వదిలేస్తున్నాను. సోమవారం మళ్లీ వస్తాను. మిగతా పదకొండూ అదే పద్ధతిలో తయారుకావాలి. అర కిలోదానితో సహా."

సాయంత్రం పెట్టె చంకన పెట్టుకుని ఇన్‌స్పెక్టరుగారు ఇంటికి వచ్చేసరికి, పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉన్న దొరబాబు గుమ్మంలోనే నిలబడి, ఆ పెట్టె వంక ఎంతో ఆప్యాయంగా చూస్తూ తోక ఊపుతున్నాడు.